జీడిమామిడి బంకకు పట్టిన యోగం

సముద్రం దాటి రానిదేదీ సైన్సు కాదని ప్రొఫెసర్ ఎవిలాజియోకి గట్టి నమ్మకం. బ్రెజిల్‌లోని రెసిఫే ఊళ్ళోనే పుట్టి పెరిగిన తనను మాత్రం ఆయన ఈ నియమం నుంచి ఉదారంగా మినహాయించుకున్నాడు.

పనసగింజల్లోని ఒక ప్రోటీన్‌ను వేరు చేయడానికి ఆయన జర్మనీ నుంచి తెప్పిస్తున్న జెల్ కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఇరుక్కుపోయింది. నెలల తరబడి ప్రయోగశాల మొత్తం కాఫీ తాగుతూ సైన్సుకు సేవ చేసింది. ఆ సేవతో విసిగిపోయిన పరిశోధకురాలు దల్వనీరా ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, వెనకాల జీడిమామిడి చెట్లకి బంక కారుతోంది. అందులో ఉన్న చక్కెరంటే ఈ ప్రోటీన్‌కి ప్రాణం. పట్టుకుంటే వదలదు. మిగతావన్నీ కడిగేస్తే పోతాయి."

"బంకా! కవర్లు అంటించుకోడానికా, అమ్మా?"

"గమ్మున కూర్చోడం కంటే నయమే కదా సార్."

ఆయన నవ్వాడు. అది అనుమతి కాదు. అయినా ఆమె అనుమతిగానే తీసుకుంది.

బంక గడ్డలు ఏరుకొచ్చి, నీళ్ళలో కరిగించి వడగట్టింది. ఆల్కహాల్ పోస్తే తెల్లగా పేరుకుంది. దాన్ని నీళ్ళలో కరగని జెల్‌గా మార్చి గాజు గొట్టంలో నింపి, పైనుంచి పనసగింజల రసం పోసింది. అక్కర్లేనివన్నీ కిందికి జారిపోయాయి. చివర్లో చక్కెర నీళ్ళు పోయగానే ప్రోటీన్ ఆ చక్కెరను పట్టుకుని, బంకను వదిలి బయటికొచ్చింది. పరీక్షిస్తే ఒకే ఒక్క గీత, అంటే ఒకే ఒక్క ప్రోటీన్, తెగ శుభ్రంగా.

ఆ గీత చూసి ప్రొఫెసర్ మొహం వెలిగిపోయింది. "వచ్చేసిందా జెల్! చూశావా, జర్మనీ సరుకంటే అదీ!"

"ఇది పెరటి సరుకు సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మరి ఇంత బాగా ఎలా వచ్చింది?" అన్నాడు, నేరం నిలదీస్తున్నట్టు.

"మీరు వద్దన్న సంగతి దానికి తెలీదు కదా సార్."

మర్నాటికి ఆయన భక్తుడైపోయాడు. ఎక్కడినుంచో పెద్ద కొడవలి తెచ్చి చెట్టు మీదికి ఎత్తాడు. "నరికితే బోలెడు బంక వస్తుంది!"

దల్వనీరా పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. "చచ్చిపోతుంది సార్! నిన్నటిదాకా దాని మొహం చూడలేదు, ఇవాళ ప్రేమతో చంపేస్తారా?"

ఆమె భయపడిపోయిందని ఆయనకు అప్పుడు తెలిసింది. కొడవలి దించాడు. ఆమె చిన్న కత్తితో బెరడు మీద సన్నని గాటు పెట్టి చూపించింది. ఆయన వంగి శ్రద్ధగా చూశాడు.

"ఇంకా ఏ చెట్లున్నాయి ఇలాంటివి?" అని అడిగాడు. దల్వనీరా ఉద్యోగంలో చేరాక ఆయన ఆమెను అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అది. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయేదాకా ఆపలేదు.