కుడి వేలి సిరా

బడిలో పిల్లలు ఆయన్ని పీఠిక మాస్టారు అంటారు, వెనకాలే అనుకోండి. రాజ్యాంగ పీఠిక అప్పజెప్పించుకోనిదే ఆయన ఏ ఏడూ పాఠం మొదలుపెట్టడు. చట్టం చేసేది చట్టసభ, దాన్ని నడిపించేది ప్రభుత్వం, తప్పొప్పులు తేల్చేది న్యాయస్థానం, ఈ మూడూ ఒక్కడి చేతిలో పడితే కొంప కొల్లేరేనని బల్ల గుద్ది మరీ చెబుతాడు. ఇంట్లో మాత్రం టీవీ ఎప్పుడు పెట్టాలో చట్టం ఆయనదే, అమలూ ఆయనదే, ఎవరైనా కాదంటే తీర్పూ ఆయనదే. "మన కొంప ఎప్పుడో కొల్లేరయిందిలెండి" అని భార్య నవ్వుతుంది. మాస్టారూ నవ్వేస్తాడు. తన మీద జోకులకు నవ్వగలిగినంత మంచివాడే, ఆ మాట కాదనలేం.

ఆయన తల్లికి నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. చూపు పోయినా ఓటు మాట వస్తే మాత్రం ఆవిడ హడావుడి చూడాలి. ముందురోజే ఉతికిన చీర తీయించుకుని, కోడలి చేత జడ వేయించుకుని తయారైపోతుంది.

"ఎందుకమ్మా నీకింత సరదా?" అని మాస్టారు ఓసారి అడిగాడు.

"నన్ను బడి ఎప్పుడు మాన్పించాలో మా నాన్న చూసుకున్నాడు. ఏ ఊళ్లో కాపురం ఉండాలో మీ నాన్న చూసుకున్నాడు. ఓటేసే ఆ అట్ట చాటుకు వెళ్తేనే గదరా, నీకేం కావాలని నన్నొకరు అడిగేది" అంది ఆవిడ.

ఈ మాట మాస్టారికి ఎంత నచ్చిందంటే, వయోజన ఓటు హక్కు పాఠంలో దాన్ని తన సొంత మాటలా వాడేసుకున్నాడు.

ఈసారి ఎన్నికల్లో ఆ వీధికి చాలామంది వచ్చారు. అందరూ గుమ్మంలో నిలబడి "మాస్టారూ, మీ ఇంట్లో మూడు ఓట్లు, మర్చిపోకండి" అని ఆయనకే దణ్ణం పెట్టి వెళ్లారు. ఏ పార్టీ లేకుండా నిచ్చెన గుర్తు మీద నిలబడిన నర్సమ్మ ఒక్కతే లోపలికొచ్చి, మంచం పక్కన కూర్చుని, ముసలావిడ చెయ్యి పట్టుకుని అడిగింది. మాస్టారి కూతురు పుట్టినప్పుడు పురుడు పోసిన చెయ్యే అది.

"నా ఓటు నిచ్చెనకే" అని ఆ పూటే తేల్చేసింది తల్లి.

"ఆవిడకు డిపాజిట్ కూడా రాదమ్మా. పోటీ గట్టిగా ఉంది. ఒక్కో ఓటూ లెక్కే. వృథా చేసుకోవడం దేనికి?"

"వృథా అయితే నాదేగా అయ్యేది."

మాస్టారు ఇంకేం అనలేదు. అనకపోవడం ఒప్పుకోవడమేనని ఆవిడ అనుకుంది.

చూపు లేనివాళ్లు తోడు తెచ్చుకోవచ్చు. తోడొచ్చినవాడు ఆ ఓటు గుట్టు బయటపెట్టనని రాసి సంతకం పెట్టాలి. ఇంకొకరికి కూడా తోడు వెళ్లకుండా వాడి కుడి చూపుడు వేలికి సిరా పూస్తారు. మాస్టారి ఎడమ వేలికి అప్పటికే తన ఓటు సిరా ఉంది. కుడి వేలికీ పూయించుకుని, తల్లిని నడిపించుకుంటూ అట్ట వెనక్కి వెళ్లాడు.

"నిచ్చెనేగా అమ్మా?" అని చెవిలో అడిగాడు.

"నిచ్చెనే నాన్నా."

ఆయన చెయ్యి నిచ్చెన దాకా వెళ్లింది కూడా. అక్కడ ఆగింది. ఎలాగూ ఓడిపోయే మనిషికి వేసి ఏం లాభం, అమ్మకు ఈ లెక్కలు ఏం తెలుసు, ఆవిడ మంచికేగా అనుకున్నాడు. తన అభ్యర్థి పేరు పైన ఉంది. అక్కడ నొక్కాడు. గాజు వెనక చీటీ ఒకటి కనబడి కిందికి జారిపోయింది. బీప్ మని మోత వచ్చింది. ఆ మోత వినగానే తల్లి ముఖం విప్పారింది.

ఇంటికొచ్చాక ఆవిడ కొడుకు కుడి చెయ్యి అందుకుని, సిరా ఉన్న వేలు తడిమి, "చూశావుటే, నా ఓటు మీ నాన్న వేలి మీదుంది" అని మనవరాలితో చెప్పుకుంది. మాస్టారు చెయ్యి లాక్కుని, స్నానానికని లేచి వెళ్లిపోయాడు. సబ్బుతో రుద్దాడు. గోరు చుట్టూ చర్మం ఎర్రబడింది గానీ, సిరా అదరలేదు, బెదరలేదు.

ఆ వారమే తరగతిలో వచ్చిన పాఠం, ఇంకేముంది, ఓటు హక్కే. బోర్డు మీద రాస్తుంటే ముందు వరసలో పిల్ల లేచింది. "సార్, రెండు చేతులకీ సిరా ఉందేంటి? రెండు ఓట్లేశారా?"

తరగతి గొల్లుమంది. మా అమ్మకు తోడు వెళ్లానని మాస్టారు చెప్పాడు.

"మరి మీ అమ్మగారు చెప్పినదానికే వేశారని ఎవరికి తెలుస్తుంది సార్?"

"ఎవరికీ తెలియదు. అందుకే నమ్మకమైన మనిషిని తీసుకెళ్తారు" అన్నాడు. అన్నాక ఆయనకు సుద్దముక్క పట్టుకోబుద్ధి కాలేదు. పుస్తకం చదువుకోమని చెప్పి, కుడి చెయ్యి బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఇంటికెళ్లగానే అమ్మతో చెప్పేయాలని బడి దగ్గర అనుకున్నాడు, ఇల్లు చేరేసరికి రేపు చెబుదామనుకున్నాడు. అలా రోజూ అనుకున్నాడు.

ఫలితాలొచ్చాయి. మాస్టారి అభ్యర్థి బోలెడు మెజారిటీతో గెలిచాడు. ఆ ఒక్క ఓటు దొంగిలించాల్సిన పనే లేకపోయింది.

ఒక సాయంత్రం నర్సమ్మ వచ్చింది. ఓడిపోయినా ఓటడిగిన ఇళ్లన్నిటికీ వచ్చి కృతజ్ఞతలు చెప్పి వెళ్తోందట. మాస్టారి భార్య టీ పెట్టి ఇచ్చింది.

"డిపాజిట్ పోయిందమ్మా, పోతే పోయింది. ఒక్కటే నవ్వొస్తోంది" అంది నర్సమ్మ. "ఈ వీధిలో సగం మంది పిల్లలు నా చేతుల్లోనే పుట్టారా, మీ బూత్‌లో నాకు పడినవి సున్నా. ఒక్కటంటే ఒక్కటి లేదు."

మాస్టారి చేతిలో కప్పు సాసర్ మీద టకటకమంది. తల్లి తల తిప్పింది, ఆ చప్పుడు వచ్చిన వైపుకే.

"ఆ తప్పు నాదేనమ్మా" అంది తల్లి. "నీకే వేద్దామనుకున్నా. మా వాడు చెయ్యి పట్టుకుని సరిగ్గానే చూపించాడు. చూపు లేనిదాన్ని, వేలు పక్కకు జారినట్టుంది. ఏమీ అనుకోకు."

"అయ్యో, దానికేముంది పెద్దమ్మా" అని నర్సమ్మ ఆవిడ భుజం తట్టి, టీ తాగి వెళ్లిపోయింది.

భార్య కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. మాస్టారు వచ్చి తల్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నేను..."

"తెలిసింది."

"నీ మంచికేననుకున్నానమ్మా."

"మా నాన్నా అదే అన్నాడు. మీ నాన్నా అదే అన్నాడు" అంది తల్లి. గొంతులో కోపం లేదు. "వాళ్లు చదువుకోలేదు కదా, ఏం తెలుస్తుందిలే అని సరిపెట్టుకున్నాను. నువ్వు బడిలో ఇదే చెబుతావు కదరా."

తల్లి చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన కుడి చేతిని అందుకుని, చూపుడు వేలి గోరు మీద ఆగింది.

"పోయిందా సిరా?"

"లేదమ్మా. ఇంకా ఉంది."

"పోతుందిలే" అని ఆవిడ చెయ్యి వదిలేసింది. "వచ్చే ఎన్నికలకు నీ కూతురికి పద్దెనిమిది నిండుతాయి. దాన్ని తీసుకెళ్తాను."