ఆదివారం గడి

సంజీవరావుకు తెలియని సంగతి లేదని కాలేజీలో అందరూ అనుకునేవాళ్లు. అందరికంటే ముందు ఆయనే అనుకునేవాడు. అందుకే 1961లో ఇథియోపియా నుంచి తెస్ఫాయె అనే యువకుడు మద్రాసుకు ఎం.ఇ. చదవడానికి వచ్చినప్పుడు, ప్రొఫెసర్ పద్మనాభయ్య అతన్ని సంజీవరావు చేతిలో పెట్టాడు. విదేశీ విద్యార్థికి ఒక సీనియర్‌ని తోడివ్వడం అక్కడి ఆనవాయితీ.

తెస్ఫాయె థీసిస్ కోసం ఇద్దరూ సముద్రతీరాన ఉన్న జువ్వలదిన్నె వెళ్లారు. ఒడ్డున నీళ్లలో కొలకర్ర పాతి, నెల రోజులపాటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ సముద్రమట్టం గడుల పుస్తకంలో రాసుకోవాలి. శనివారం సాయంత్రమయ్యేసరికి సంజీవరావు బస్సెక్కించి అతన్ని తన ఊరు వెంకటాచలం తీసుకుపోయేవాడు. ఆదివారం పని ముట్టుకుంటే వాళ్లమ్మ రెబెక్కమ్మ అన్నం పెట్టదు. ప్రార్థన, ఆ తర్వాత చేపల పులుసు, సోమవారం పొద్దున్నే మళ్లీ ఒడ్డు.

"ఆదివారం గడులు ఖాళీగా వదిలేద్దాం" అన్నాడు తెస్ఫాయె ఇంగ్లీషులో.

"ఖాళీ చూస్తే ప్రొఫెసర్ ఊరుకోడు. శనివారానికీ సోమవారానికీ మధ్యస్థంగా నింపెయ్. ఇక్కడ అందరూ చేసేదే."

దేవుడికి భయపడి ఆదివారం పని మానిన పెద్దమనిషి, సోమవారం కలం పట్టగానే ఆ దేవుణ్ణే మరిచిపోయాడు. తెస్ఫాయె కాసేపు తటపటాయించాడు. కానీ చెప్పింది సీనియర్, పైగా అన్నం పెట్టిన ఇంటివాడు. నింపేశాడు.

థీసిస్ పరీక్షనాడు పద్మనాభయ్య ఒక పేజీ దగ్గర ఆగాడు.

"ఈ ఆదివారం గాలికి సముద్రం రెండడుగులు పొంగిందని రేవు ఆఫీసు రికార్డు చెబుతోంది. నీ పుస్తకంలో చెరువులా పడుకుని ఉందేం?"

తెస్ఫాయె వంగి ఆ పేజీ చూశాడు.

"ఇలా రాయమని ఎవరు చెప్పారు?"

వెనక బెంచీలో సంజీవరావు కూర్చుని ఉన్నాడు. ప్రభుత్వోద్యోగం ఆర్డరు ముందురోజే వచ్చి అతని జేబులో ఉంది. లేచి ఒక్క మాట అంటే చాలు. అతని చెయ్యి ఆ జేబు మీదికి పోయింది. తెస్ఫాయె వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

"నేనే రాశాను సార్."

స్కాలర్‌షిప్పు రద్దయింది. పదిరోజుల్లో తిరుగు ప్రయాణం. రైలు పెట్టె తలుపు దగ్గర నిలబడి తెస్ఫాయె, "అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు" అన్నాడు. తప్పు నాదని చెప్పడానికే సంజీవరావు స్టేషనుకు వచ్చాడు. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు.

"తలుపు దగ్గర నిలబడొద్దు. లోపలికెళ్లి కూర్చో."

ఆఖరి నిమిషంలోనూ సలహాలే! ఆ తర్వాత మూడు ఉత్తరాలు మొదలుపెట్టాడు, మూడూ చించేశాడు. అటునుంచీ జాబు రాలేదు.

ఇప్పుడు సంజీవరావు ఇంజనీరు. ఏడేళ్లయినా రెబెక్కమ్మ మాత్రం ఆ పిల్లవాణ్ణి మరిచిపోలేదు. ఒక ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ అడిగింది.

"ఏం అబ్బయా, తెస్ఫాయె జాబు రాసినాడా?"



"రాసినాడమ్మా. పెద్ద ఇంజనీరయినాడంట. బాగుండాడంట."

"స్తోత్రం!" రెబెక్కమ్మ పైటకొంగుతో కళ్లొత్తుకుంది. "కాకుండా యాడికి పోతాడు? చెయ్యి పట్టుకోని నేర్పినోడివి నువ్వు గదా!"

చర్చి గంట మోగింది. సంజీవరావు బైబిలు చేతపట్టుకుని, తలవంచుకుని ఆమె వెనకాలే నడిచాడు.