చార్టులో లేని చలి

పన్నెండేళ్ళుగా మా వార్డులో తల్లులందరికీ ఒకే పాఠం చెబుతూ వచ్చాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, బరువు తక్కువ బిడ్డ, ఆపరేషన్ చేసి తీసిన బిడ్డ, ఒంటి తడి సరిగ్గా తుడవని బిడ్డ, తల్లికి దూరంగా పడుకోబెట్టిన బిడ్డ, పాలు పట్టడం ఆలస్యమైన బిడ్డ. వీళ్ళకు చలి మనకు పట్టినట్టు పట్టదు, చప్పుడు చేయకుండా పడుతుంది. వణకరు, గట్టిగా ఏడవరు. చూసేవాళ్ళేమో ఎంత బుద్ధిగా నిద్రపోతోందో అని మురిసిపోతారు. ఆ మురిపెం చూస్తే నాకు ఒళ్ళు మండేది. "బుద్ధి కాదమ్మా, ముందు కాళ్ళు పట్టుకుని చూడు" అని కసిరేదాన్ని. నా వెనకాల నన్ను అగ్గిపెట్టె సిస్టర్ అంటారని తెలుసు. అననీ అనుకున్నాను.

నా కడుపున పడ్డది ఆ పాఠం మొత్తాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ముప్పై అయిదో వారం, కిలో తొమ్మిది వందలు, ఆపరేషన్. పైగా మా ఆపరేషన్ గదిలో ఏసీ పెద్ద డాక్టరుగారి ఒంటికి సరిపడేలా ఉంటుంది తప్ప పుట్టేవాళ్ళ ఒంటికి సరిపడేలా ఉండదు.

అయినా ధైర్యంగానే బల్లెక్కాను. బిడ్డను అందుకునేది వదిన కదా. నిజానికి ఆమె నాకు ఏ వరసా కాదు. ఎనిమిదేళ్ళ క్రితం కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నా దగ్గర పని నేర్చుకోమని వేశారు. నేను చిరాకుపడ్డ ప్రతిసారీ "అలాగే వదినా" అని నవ్వేది. ఆ పిలుపు ఇద్దరికీ అతుక్కుపోయింది. ఒకే షిఫ్టు, ఒకే టిఫిన్ డబ్బా. నా మొగుడికి చెప్పుకోనివి కూడా ఆమెకు చెప్పుకున్నాను.

"తలంతా తుడవాలి. తుడిచిన గుడ్డ తీసేసి పొడిది చుట్టాలి. టోపీ మర్చిపోకు. నన్ను వార్డుకి తెచ్చేదాకా వార్మర్ మీదే, ఆ వేడి కిందే ఉంచాలి. అరగంటకోసారి..."

"చంకలో థర్మామీటర్. నాకే చెప్తున్నావా తల్లీ? నీ బిడ్డ నా బిడ్డ కాదా?" అంది వదిన. వెన్నులో మత్తు సూది వేస్తున్నంతసేపూ నా తలను తన భుజానికి ఆనించుకుని పట్టుకుంది.

పదిన్నరకు పాప పుట్టింది. ఒక్క ఏడుపు విన్నాను, తీసుకెళ్ళిపోయారు. కుట్లు వేశాక, కాళ్ళు స్వాధీనంలోకి వచ్చేదాకా నన్ను పక్కగదిలో ఉంచారు. వదిన మూడుసార్లు తలుపు దగ్గరకొచ్చి తొంగిచూసింది. "ఇప్పుడే చూశాను వదినా, ముప్పయ్యారు పాయింట్ ఎనిమిది. రాణిలా పడుకుంది" అంది. ఆ అంకె విన్న ప్రతిసారీ హాయిగా కళ్ళు మూసుకున్నాను.

ఒంటిగంటకు వార్డులోకి మార్చారు. కాసేపటికి ఆయా పాపను తొట్టితో సహా తోసుకొచ్చి, నా పక్కలో పడుకోబెట్టింది. "నోరే విప్పలేదు, ఎంత మంచిదో" అంది.

నేను పాప కాళ్ళు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. చెయ్యి తిప్పి వేళ్ళ వెనక భాగం పొట్టకు ఆనించాను. పొట్ట కూడా చల్లగానే ఉంది. చుట్టిన గుడ్డ మెడ దగ్గర ఇంకా తడిగా ఉంది. టోపీ లేదు. రొమ్ము అందిస్తే పెదవులు కాస్త కదిపి ఊరుకుంది.

థర్మామీటర్ కోసం నేను అరిచిన అరుపుకు కుట్లు కలుక్కుమన్నాయి. చంకలో పెట్టి చూస్తే ముప్పై నాలుగు పాయింట్ తొమ్మిది, ముప్పై ఆరున్నరకు తగ్గకూడనిది. తడిగుడ్డ పీకి అవతల పారేశాను. పాపను ఉన్నపళంగా నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుని, తలకు పొడిగుడ్డ చుట్టి, పైన రెండు దుప్పట్లు లాక్కున్నాను. ఆయా పిల్లల డాక్టరు కోసం పరుగెత్తింది. తొట్టికి తగిలించిన చార్టు అందుకుని చూశాను.

పదకొండుకి 36.8. పదకొండున్నరకి 36.8. పన్నెండుకి 36.7. అలా కిందికి వెళ్ళాను. ఒకటిన్నరకి 36.8. రెండుకి 36.8. రెండున్నరకి 36.7. అంతా ఒకే పెన్ను, ఒకే ఊపులో రాసిన రాత.

గోడ గడియారంలో టైము ఒంటిగంటా ఇరవై.

వదిన పరుగున వచ్చింది. నా చేతిలో చార్టు చూసి మంచానికి రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"కవలలు పుట్టారు వదినా. ఉన్నది ఒక్క వార్మర్. వాళ్ళలో ఒకడు ఊపిరి తీసుకోలేదు. నీ పాప బాగానే ఉంది కదా అని తొట్టిలో పెట్టాను."

"బాగానే ఉందని ఎలా తెలిసింది? ఒక్కసారైనా కొలిచావా?"

"లేదు."

"మరి మూడుసార్లు వచ్చి నా మొహం మీదే ఆ అంకె ఎలా చెప్పావే? కవలలొచ్చారు, నా వల్ల కాదు అని ఒక్క మాట అంటే పాపను తెచ్చి నా మీద పడెయ్యమనేదాన్ని కదా! నేను నీకేం ద్రోహం చేశాను?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. క్షమాపణ అడుగుతుందనుకున్నాను.

"నలభైమంది పిల్లలకి మనిద్దరమే ఉన్న రోజుల్లో, చార్టు ముందే నింపేసుకో, మిగతా పని తెములుతుంది అని నేర్పింది నువ్వే. అందరి బిడ్డల్ని చూసినట్టే నీ బిడ్డనీ చూశాను."

నోటికి ఎంతొస్తే అంత అన్నాను. ఇక నన్ను వదినా అని పిలవొద్దన్నాను. నా ఎదట నిలబడొద్దన్నాను. ఎనిమిదేళ్ళ స్నేహం నాలుగు మాటల్లో తెగిపోయింది. ఆమె ఏడుస్తూ వెళ్ళిపోయింది.

పిల్లల డాక్టరు వచ్చి పాపను పరీక్షించి, మీ గుండెల మీదే ఉంచండి, పాలు పిండి చెంచాతో పడదాం అన్నారు. రెండు గంటలకు ముప్పై అయిదున్నర. మూడింటికి ముప్పై ఆరున్నర. పాప తల ఆడిస్తూ రొమ్ము వెతుక్కుంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"సిస్టర్" అంది పక్క మంచం మీది బాలింత. నిన్ననే ప్రసవమైన మనిషి. కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా గొడవంతా విన్నట్టుంది. "నన్ను గుర్తుపట్టారా? రెండేళ్ళ కిందట నా మొదటి పాప ఇక్కడే పుట్టింది. ఒళ్ళు చల్లగా ఉందని మిమ్మల్ని రెండుసార్లు పిలిచాను. చాలా పనిలో ఉన్నారు. చార్టు తీసి చూపించి, అంతా బాగానే ఉంది, అనవసరంగా భయపడకు అన్నారు. నాదే అనుమానం అనుకుని ఊరుకున్నాను. మూడో రోజు పాప పోయింది."

నాకు ఆమె మొహం గుర్తుకు రాలేదు. ఆ పాప అసలే గుర్తుకు రాలేదు. చార్టు తీసి చూపించి నోరు మూయించే అలవాటు మాత్రం నాదే.

"కొలిచే రాశారు కదా సిస్టర్?" అంది. ఔననమని బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు.

"కొలిచి ఉండనమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి చాపి మా రెండు మంచాల మధ్య తెర లాగేసుకుంది.