ముద్ర కింది మనిషి

సోదర సంఘం రికార్డులు చూసే పెద్దాయన గుడ్డ చేతపట్టాడంటే చాలు, దుమ్ము తనంతట తానే లేచి కిటికీలోంచి పారిపోయేది. ముప్ఫై రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే అదే పని. ముందు పతకాలు, తర్వాత సభ్యులు భుజాన వేసుకునే పట్టీలు, ఆఖరున గోడంత పొడవు ఫొటో. అందులో మెట్ల మీద వరసగా నలభై ఒక్కమంది. తీసిన రోజున అందరూ నిలబడే ఉన్నారు. ఆ తర్వాత ఎవరు చనిపోతే వాళ్ళు ఫొటోలో కూర్చునేవారు. బతికున్నవాళ్ళు అందులోనే నెరిసి, లావెక్కి, చొక్కాలు మార్చుకునేవారు. కబురు ఊళ్ళోకి రాకముందే పెద్దాయన సభ్యుల పుస్తకంలో తారీఖు వేసేసేవాడు. ఓసారి సాక్షాత్తూ డాక్టరే రొప్పుకుంటూ వచ్చి, "నా రోగి నిలబడ్డాడా, కూర్చున్నాడా? చూసి చెప్పండి, మందు మార్చాలి" అని అడిగి వెళ్ళాడు.

ఇప్పుడు నిలబడి కనిపించేది పెద్దాయన ఒక్కడే. కుడి చివరి మనిషి మీద సంఘం ముద్ర వేసిన చీటీ అంటించి ఉంది. అక్కడ అద్దం బీటలువారిందని పెద్దాయన అందరికీ చెప్పాడు.

ఆ మనిషి పెద్దాయన చెల్లెలి మొగుడు. పన్నెండేళ్ళ కిందట గొడుగు బాగుచేయించుకొస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. చెల్లెలు ఐదేళ్ళు గుమ్మంలోనే కూర్చుంది. తిండి సయించక పుల్లలా అయిపోయింది. ఇక లాభం లేదని పెద్దాయన పుస్తకంలో "మరణించాడు" అని రాసి, ఫొటోకి చీటీ అంటించాడు. ఆమె మూడు రోజులు ఏడ్చింది. ఆ ఏడుపు ధాటికి వీధి కుళాయి సిగ్గుపడి ఆగిపోయింది. నాలుగో రోజు లేచి తల దువ్వుకుంది.

వచ్చే గురువారం పుస్తకాలు బైండు చేసే ఆయనతో ఆమె పెళ్ళి. మొదటి మొగుడు లేడనడానికి రిజిస్ట్రారుకి చూపించింది సంఘం పుస్తకం నకలు ఒక్కటే.

ఒక్క సభ్యుడికి హాలెందుకని సామానంతా మ్యూజియానికి ఇచ్చేస్తున్నారు. అక్కణ్ణుంచి వచ్చిన అమ్మాయి జాబితా రాసుకుంటోంది. చెల్లెలు పతకాలకి కాగితం చుడుతోంది.

"ఈ చీటీ తీసేయాలి బాబాయిగారూ. జిగురు పాడు చేస్తుంది," అంది అమ్మాయి.

"వద్దమ్మా! అద్దం పగిలింది, చెయ్యి తెగుతుంది."

అమ్మాయి వేలితో తట్టి చూసింది. "గట్టిగానే ఉందే!"

"జరగండి, నేను తీస్తా," అంటూ చెల్లెలు తడిగుడ్డ అందుకుంది.

"నీకెందుకే? నువ్వెళ్ళి పట్టీలు మడతపెట్టు."

"నీ చెవులు ఎర్రబడ్డాయి అన్నయ్యా. ఏదో దాస్తున్నావు."

చీటీ నాని ఊడివచ్చింది. కింద మనిషి నిలబడే ఉన్నాడు. బట్టతల, చిన్న బొజ్జ.

ఆమె చాలాసేపు ముఖం చూడలేదు, చొక్కానే చూసింది. "మూడో గుండీ చూశావా? నేను ఎప్పుడూ అడ్డంగా కుట్టేదాన్ని. ఇది కత్తెర కుట్టు. ఎవరో ఓపిగ్గా కుట్టారు."

"నువ్వు చచ్చిపోతావేమోనని రాశాను, చెల్లీ."

"ఏడేళ్ళు నాచేత ఉత్తి పుణ్యానికి దుఃఖం మోయించావు."

"గురువారం దాకా ఓర్చుకో. మళ్ళీ అంటించేద్దాం. ఈ అమ్మాయి ఏమీ చూడలేదు."

"నేను పెట్టెలు చూసుకుంటున్నానండీ," అంది అమ్మాయి, గోడవైపు తిరిగి.

"నేను చూశానుగా!" చెల్లెలు పుస్తకం లాక్కుని "మరణించాడు" కొట్టేసి "బతికే ఉన్నాడు" అని రాసింది.

"పెళ్ళి ఆగిపోతుందే!"

"ఆగనీ. ముందు విడాకులు, తర్వాతే పెళ్ళి. ఆయన చెదలు తిన్న పుస్తకం కోసమే నెలల తరబడి కూర్చుంటాడు. నాకోసం కూర్చోలేడా?" ఫొటో వైపు తిరిగింది. "ఏమయ్యా! ఆ రోజు చెప్పకుండా పోయావు. ఇవాళ నేను చెబుతున్నా, వెళ్ళు."

ఫొటోలో మనిషి తల వంచుకున్నాడు. భుజం మీది పట్టీ తీసి, పక్కన కూర్చున్నవాడి ఒళ్ళో పెట్టాడు. ఒక్కో మెట్టే దిగి, అంచు దాటి బయటికి నడిచాడు.

"వెళ్ళిపోయాడు..." అన్నాడు పెద్దాయన, కుర్చీలో కూలబడి.

"వెళ్ళిపోలేదు అన్నయ్యా. నేను పంపించాను." ఆమె పుస్తకం చంకన పెట్టుకుని, అన్న వైపు చూడకుండా, రిజిస్ట్రారు ఆఫీసుకి బయల్దేరింది.