నిదానంలో విన్న రికార్డు

ఆ ఊళ్ళో పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళు శుక్రవారం పొద్దున్నే ముందు పేపరు చదివి, తర్వాతే రికార్డు పెట్టుకునేవారు. సంగీతం పేజీలో పెద్ద అక్షరాల్లో ఏది అచ్చయితే పాట అదే అయ్యేది కనుక, ఏమయిందో తెలుసుకుని వినడం మర్యాద. ఒకసారి ఒక వేణువు రికార్డును గురించి ‘ఇందులో తడిమట్టి వాసన ఉంది’ అని అచ్చయితే, కొనుక్కున్నవాళ్ళంతా స్పీకరు కింద పాతగుడ్డ పరుచుకున్నారు. వేణువు ఊదినాయన ఆ ఏడాదంతా పడిశంతో తుమ్ముతూనే ఉన్నాడు. పాట మీద పడిన మాట పాడినవాళ్ళ మీదా అంతో ఇంతో పడుతుంది మరి.

ఆ పేజీ రాసే మనిషిని ఆఫీసులో తక్కెడమ్మ అని పిలిచేవారు. ఇంకా ముప్పై నిండని పిల్లకు అమ్మ అని తగిలించడం ఆమె మాటను తూచే తీరు చూసే. ఒక విశేషణాన్ని నాలుక మీద పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, మింగాలో ఉమ్మాలో తేల్చుకున్నాకే కాగితం మీద పెట్టేది. అది అమ్మమ్మ పెంపకం. నోరు జారి మొగుణ్ణి మేకను చేసుకున్న రాణి, దీవెన తడబడి నెరిసిన గడ్డంతో పుట్టిన రాకుమారుడు, ఇలాంటివాళ్ళంతా ఆమె చిన్నతనంలో ఇంట్లో చుట్టాల్లా తిరిగినవాళ్ళే. ప్రతి కథ చివరా అమ్మమ్మ తలుపుకు గడియ వేసినట్టు ఒకటే మాట అనేది: “పెదవి దాటితే పృథివి దాటుతుందే, జాగ్రత్త.”

ఆ వారం ఆమె బల్ల మీదికి వచ్చిన రికార్డు అట్ట ఎర్రగా ఉంది. దాని మీది అక్షరాలూ ఎర్రగానే ఉన్నాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే గాని అక్కడ రాత ఉన్నట్టే తెలియదు. ఎలక్ట్రానిక్ ధ్వనులనూ పంక్ రాక్‌నూ ఒకే కుండలో ఉడికించామని పంపినవాళ్ళు చెప్పుకున్నారు. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి, ప్లేయరు మీద పెట్టి, మీటను నిదానం వైపుకు నొక్కింది. పెద్ద రికార్డుకు నిదానం, చిన్న రికార్డుకు వేగం. ఆ వృత్తిలో అడుగు పెట్టిన రోజే వేలికి పట్టే అలవాటది. ఊపిరి తీసుకోవడాన్ని గురించి ఎవరూ ఆలోచించనట్టే దాని గురించీ ఎవరూ ఆలోచించరు.

విన్నది. మళ్ళీ విన్నది. డ్రమ్ములు కాలు బెణికిన మనిషి మెట్లు దిగుతున్నట్టు వస్తున్నాయి. గిటారు బరువైన బీరువాను నేల మీద ఈడుస్తున్నట్టుంది. యంత్రాల శబ్దం పాత ఫ్రిజ్జు అర్ధాంతరంగా ఆగిపోబోతూ మనసు మార్చుకున్నట్టుంది. వీటన్నిటి మీదా ఒక ముసలి గొంతు, కఫంతో, ఆయాసంతో, ఎవరినో తిడుతున్నది.

పక్కన మంచం మీద బట్టలు మడతపెడుతున్న అమ్మమ్మ తల ఎత్తింది. “ఎవరే ఈ పెద్దాయన? ఎక్కడో నొప్పిగా ఉన్నట్టుంది పాపం.”

“పాడుతున్నాడు అమ్మమ్మా.”

“పాడటమా. మంచం దిగలేక ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను.”

పంక్ అంటే ఆమెకు తెలుసు. తొందర, తెగింపు, వచ్చిన రెండు మూడు స్వరాలనే ముఖాన విసిరి కొట్టడం. ఎలక్ట్రానిక్ అంటే తెలుసు. గడియారం కూడా సిగ్గుపడే లెక్క. ఈ రికార్డులో తొందరా లేదు, లెక్కా లేదు. రాసింది కొట్టేసింది, కొట్టేసిన దాన్ని మళ్ళీ రాసింది. తప్పు రికార్డులో ఉందో తన చెవిలో ఉందో తేల్చుకోలేక ఒక పూటంతా దాన్నే తిప్పి తిప్పి విన్నది. ప్లేయరును చూస్తేనే ఒళ్ళు మండింది.

గురువారం మధ్యాహ్నం ఎడిటరు ఆమె బల్ల దగ్గర ఆగాడు. “ఏమ్మా, తూకం తేలిందా?”

“లేదండీ. ముల్లు ఏ పక్కకీ మొగ్గడం లేదు.”

“మొగ్గకపోతే వేలు పెట్టి మొగ్గించు. నాలుగింటికి పేజీ వెళ్ళిపోవాలి.”

వేలు పెట్టడం ఆమెకు చేతకాదు. కాబట్టి విన్నదే రాసింది. ‘ఇది వయసు మళ్ళిన కోపం. గాయకుడు డెబ్బై దాటినవాడై ఉండాలి. గొంతులో కఫం ఉంది, మాటలో ఆయాసం ఉంది. యంత్రాలు కాళ్ళీడ్చుకుంటూ అతని వెనక నడుస్తాయి. తొందర అన్నది ఈ రికార్డులో ఎక్కడా లేదు.’ ఒక్క మాట కూడా కల్పించలేదు కదా అని, ఆ వారంలో మొదటిసారిగా ఆ రాత్రి నిద్ర పట్టింది.

సోమవారం ఆఫీసుకు ఇద్దరు వచ్చారు. ఒక పక్క జుట్టు నున్నగా గొరిగించుకున్న ఇరవై ఏళ్ళ అమ్మాయి, ఆమెకంటే కొద్దిగా పెద్దవాడైన ఒక యువకుడు. అతని చేతి నిండా తీగల చుట్టలు.

“ఈవిడేనా మావయ్యా?” అన్నది అమ్మాయి.

అన్నది అమ్మాయే గాని, గొంతు డెబ్బై దాటిన మగవాడిది. పక్క బల్ల ఆయన ఎవరో పెద్దలు వచ్చారనుకుని లేచి నిలబడి, చుట్టూ చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

“కూర్చోండమ్మా,” అన్నది తక్కెడమ్మ. కుర్చీ లాగి వేసింది.

“కూర్చుంటే లేవడానికి ఆయాసం వస్తోందండీ, మీరు రాసినప్పటి నుంచి.”

మేనమామ తీగలను బల్ల మీద పెట్టాడు. “ఒక్క మాట చెప్పండి మేడమ్. ఏ వేగంలో విన్నారు?”

“నిదానంలో. పెద్ద రికార్డు కదండీ.”

అతను కళ్ళు మూసుకున్నాడు. “వేగంలో వినాలండీ. శబ్దం దిట్టంగా వస్తుందని పెద్ద రికార్డు మీదే వేగానికి సరిపడా గాడులు కోయించాం. మధ్య బిళ్ళ మీద రాశాను కూడా.”

“ఎక్కడ రాశారు?”

చూపించాడు. ఎర్ర బిళ్ళ మీద ఎర్ర అక్షరాలు.

“నీ ఎరుపు తగలెయ్య,” అన్నది మేనకోడలు, తాతగారి గొంతుతో. “తెల్లగా రాయమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.”

“అందంగా ఉంటుందనుకున్నానే.”

“ఉంది. నా గొంతంత అందంగా ఉంది.”

తక్కెడమ్మ లేచి వెళ్ళి ఆఫీసు ప్లేయరు మీద రికార్డు పెట్టి మీటను వేగం వైపుకు నొక్కింది. రికార్డు గిర్రున తిరిగింది, పాట మాత్రం కాళ్ళీడుస్తూనే వచ్చింది. అచ్చయిన మాట అప్పటికే గాడుల్లోకి దిగిపోయింది. అసలు పాట ఎలా ఉండేదో ఇక ఆమెకు తెలిసే దారి లేదు. తాను పాడుచేసిన దాన్ని తాను ఒక్కసారీ వినలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

“శనివారం మా మొదటి షో అండీ,” అన్నది అమ్మాయి. మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. “అదలా ఉంచండి. మా అమ్మ నా ఫోను పెట్టేస్తోంది. ఎవడో ముసలాడు రోజూ విసిగిస్తున్నాడని ఎదురింటివాళ్ళకు చెప్పుకుంటోందట.”

ఎడిటరు సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు. “పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. సవరణ వేద్దాం. కింద మూల, సన్నక్షరాల్లో.”

“సన్నక్షరాలకు సన్నటి ఫలితమే ఉంటుందండీ.”

“బొత్తిగా లేకపోవడం కంటే నయం కదా.”

మంగళవారం సవరణ అచ్చయింది. కాస్సేపటికి తక్కెడమ్మకు ఫోను వచ్చింది. చెవిలో చీమ నడిచినట్టు ఒక ఆడపిల్ల గొంతు. “వచ్చిందండీ. కానీ ఇంతే వచ్చింది.” గొంతు కొంచెం పెంచబోయింది. పెంచిన చోటల్లా ముసలాయన తగిలాడు. గుసగుసలాడినంత సేపే ఆ పిల్ల ఆ పిల్ల. అరవడమే పాటగా బతకాలనుకున్న మనిషికి గుసగుస మిగలడం అంటే, ఈతగాడికి చెంబుడు నీళ్ళిచ్చి సరిపెట్టుకోమన్నట్టే.

ఆమె మళ్ళీ ఎడిటరు గదిలోకి వెళ్ళింది. రెండో సమీక్ష రాస్తానన్నది.

“కుదరదు. ఒక రికార్డుకు ఒకే సమీక్ష. తప్పని ఒకరికి మార్చామా, రేపు ఊళ్ళో పాడేవాళ్ళంతా గుమ్మంలో నిలబడతారు. నాకు ఇక్కడ బిగించండి, నాకు అక్కడ వదులు చేయండి అని. అది పేజీ కాదు, దర్జీ కొట్టవుతుంది.”

“అయితే నా వీడ్కోలు వ్యాసం రాస్తాను.”

ఎడిటరు కలం మూత పెట్టాడు. ఆ పత్రికలో ఒక ఆనవాయితీ ఉంది. పేజీ వదిలి వెళ్ళేవాళ్ళు చివరిసారి ఏది కావాలంటే అది, పెద్ద అక్షరాల్లో రాసుకోవచ్చు. ఎడిటరు అక్షరం ముట్టడు. ఆ తర్వాత వాళ్ళ మాట అందరి మాటలాంటిదే.

“ఆలోచించుకో తల్లీ,” అన్నాడు, ఈసారి ఎగతాళి లేకుండా. “శనివారం నుంచి నువ్వు బాగుందన్నా ఏదీ బాగుపడదు, బాగులేదన్నా ఏదీ చెడదు. వాళ్ళ పాట అంత గొప్పదా?”

“తెలియదండీ. నేను వినలేదు.”

ఆమెకు అన్నిటికంటే మంట పుట్టించింది అదే. ఎరుపు మీద ఎరుపు రాసినవాడి మీద కోపం వచ్చింది. ఆలోచించని తన వేలి మీద వచ్చింది. ఇంత తాపత్రయపడుతున్నది మంచి పాట కోసమో చెత్త పాట కోసమో కూడా తెలియనందుకు మరీ వచ్చింది. మంచి పాటైతే త్యాగం అని సరిపెట్టుకోవచ్చు. ఇది దేని కింద జమ?

ఆ సాయంత్రం ఆమె మేనమామ కొట్టుకు వెళ్ళింది. అతను పాత రేడియోలు, మిక్సీలు బాగుచేసేవాడు. విప్పిన మోటార్ల మధ్య ఒక స్టూలు ఖాళీ చేసి ఆమెను కూర్చోబెట్టాడు. అమ్మాయి ఆమె చెవికి నోరు ఆనించి, రికార్డులోని మొదటి పాటను గుసగుసగా పాడింది. వేడి ఊపిరి, తొక్కిసలాడే మాటలు. అంతే తెలిసింది.

“ఒక్కసారికి నేను ఏ గొంతు రాస్తే ఆ గొంతు నీది,” అన్నది తక్కెడమ్మ. “తేనె కావాలా, ఉరుము కావాలా చెప్పు. ఊరంతా నీ వెనక పడేలా రాయగలను.”

“వద్దండీ. నాదే నాకిచ్చెయ్యండి. పైకి వెళ్తే చీలుతుంది. రెండో చరణం చివర ఊపిరి అందదు. అవి కూడా రాయండి.”

“ఊపిరి అందేటట్టు రాస్తే మన సొమ్మేం పోయిందే?” అన్నాడు మేనమామ.

“ఊరుకో మావయ్యా. నాకు ఊపిరి అందని చోటే కదా నువ్వు మిషను మోత ఎత్తుకునేది. అది కాస్తా అందితే నీకు అక్కడ పనేముంది? మిక్సీలు బాగుచేసుకో.”

మేనమామ చేతిలోని తీగ చివర ఒలవసాగాడు. పంక్‌ను, ఎలక్ట్రానిక్‌ను ఎందుకు కలిపారన్న ప్రశ్నకు జవాబు కోసం తక్కెడమ్మ ఆ రికార్డును అరగదీసింది. మనిషికి ఊపిరి ఆగిన చోట యంత్రం అందుకుంటుంది, యంత్రం లెక్క తప్పలేని చోట మనిషి తప్పుతుంది. సంగతి ఇంతే.

శుక్రవారం వీడ్కోలు వ్యాసం అచ్చయింది. అందులో వీడ్కోలు లేదు. ‘ఈ గొంతు ఇరవై ఏళ్ళ అమ్మాయిది. తొందర ఎక్కువ. పైకి వెళితే చీలుతుంది. రెండో చరణం చివర ఊపిరి చాలదు, అక్కడ యంత్రం ఆమెను ఎత్తుకుంటుంది. ఈ రికార్డును వేగంలో వినాలి. ఇది గొప్పదని గాని కాదని గాని నేను చెప్పను. ఇది వాళ్ళది.’ అంత పెద్ద పేజీలో అంత కొద్ది మాటలు పడేసరికి, చుట్టూ తెల్లగా చాలా చోటు మిగిలిపోయింది. బల్ల ఖాళీ చేస్తుంటే పక్క బల్ల ఆయన వచ్చి, “మీ కుర్చీ నేను తీసుకోవచ్చాండీ? నాది కిర్రుమంటుంది,” అని అడిగాడు. తీసుకోమన్నది.

శనివారం సాయంత్రం లారీలు బాగుచేసే ఒక రేకుల షెడ్డులో షో జరిగింది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి విన్నది. డ్రమ్ములు ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తాయి. గిటారు చెవుల్లో ఇసుక పోసింది. అమ్మాయి అరిచింది, చీలింది, ఊపిరి చాలక ఆగింది. ఆగిన చోట మేనమామ మీట తిప్పగానే షెడ్డు రేకులన్నీ ఒక్కసారి మోగాయి. చుట్టూ కుర్రకారు ఎగిరి గంతులేస్తున్నారు. ఆమె కణతలు నొక్కుకుంటూ ప్రతి పాటా చివరిదాకా విన్నది.

అయిపోయాక అమ్మాయి చెమటలు కారుతూ జనాన్ని తోసుకుని వచ్చింది. వెనకే మేనమామ.

“ఎలా ఉందండీ? నిజం చెప్పాలి.”

ఆమెకు ఎన్నో మాటలు తోచాయి. మెత్తటివి, గుండ్రటివి, ఎవరికీ గుచ్చుకోనివి. ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

“నాకు నచ్చలేదమ్మా,” అన్నది. “తల పగిలిపోతోంది. రెండో పాటకే వెళ్ళిపోదామనుకున్నాను.”

మేనమామ అలవాటు కొద్దీ గబుక్కున మేనకోడలి గొంతు వైపు చూశాడు. అమ్మాయి కూడా చెయ్యెత్తి మెడ తడుముకున్నది. ఎక్కడా ఏమీ కాలేదు. షెడ్డు చివర ఎవరో కుర్చీలు మడుస్తున్నారు.

అమ్మాయి ముఖం మెల్లగా విప్పారింది. “మావయ్యా, విన్నావా,” అని పక్కనే ఉన్నవాడికి షెడ్డంతా వినపడేలా అరిచింది, “ఈవిడకు నచ్చలేదట.” ఆ అరుపు పైకి, ఇంకా పైకి వెళ్ళి, చివరి మాట దగ్గర నిలువునా చీలింది.