ఎనిమిది వేల రెగ్యులేటరు

పెళ్ళయిన మూడో నెలకే లెక్కల మాస్టారికి రెండు సంసారాలయ్యాయి. ఒకటి భార్యతో, రెండోది స్నానాలగదిలో వేలాడే సామానుతో. తలుపు వెనక మేకుకి నల్లటి రబ్బరు సూటు అచ్చం మనిషిలా వేలాడుతూ, మొహం కడుక్కోవడానికి వెళ్ళినవాళ్ళ గుండె ఒకసారి ఆపి మరీ వదులుతుంది. బకెట్లో కాళ్ళకి తొడుక్కునే రెక్కలు. కుళాయి మీద మాస్కు. వీటన్నిటికీ పైన, మెత్తటి తువ్వాలు పరిచిన అరలో, రెగ్యులేటరు. దాన్ని గాలి సిలిండరుకి బిగించి, గొట్టం చివర నోట్లో పెట్టుకుంటే సముద్రం లోపల ఊపిరి అందుతుంది. సిలిండరు అద్దెదైనా ఫరవాలేదు, ఊపిరి తీసుకునేది మాత్రం సొంతదై ఉండాలని మాస్టారి సిద్ధాంతం.

పైన ఊరికే దొరికే గాలిని వదిలేసి, నీళ్ళలోకి వెళ్ళి కొనుక్కుంటావేంట్రా అని వాళ్ళమ్మ ఫోనులో వారం వారం అడుగుతూనే ఉంటుంది. భార్య మాత్రం ఏనాడూ సణగలేదు. ఏ వస్తువు ఇంటికొచ్చినా ఎంతయిందని అడిగేది. సూటు మూడు వేలన్నాడు. రెగ్యులేటరు ఒకరు వాడింది కాబట్టి ఎనిమిది వేలకే వచ్చిందన్నాడు. "అంతేనా?" అంటూ ఆమె కళ్ళు ఇంతింత చేసుకుని మురిసిపోయేది. మా ఆయన బేరంలో గట్టివాడు అని పనిచేసే చోట చెప్పుకుని మళ్ళీ మురిసిపోయేది.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. మూత ఉన్నచోటే మురికి దాక్కుంటుందని అక్కడ మొదటిరోజే నేర్పారు. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు మూతలు విప్పాలి, తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ముంచాలి. గురువారం సెలవు దొరికింది. ఆదివారం మాస్టారికి పడవ ఉంది. ఆ తర్వాత వానాకాలానికి సముద్రం రేగుతుంది, నాలుగు నెలలదాకా పడవలుండవు. ఆయన నెలరోజులుగా క్యాలెండరు మీద రోజులు కొట్టేస్తున్నాడు. పాపం, తళతళలాడే సామానుతో పంపిద్దామనుకుంది.

రెగ్యులేటరుకి ఒక చివరన ఉన్న నల్లమూత విప్పింది. నిలువునా నీళ్ళలో ముంచింది. నోటి దగ్గరి బిళ్ళ మధ్యలో నొక్కితే గుడగుడమని చంటిపిల్లాడు నవ్వినట్టు బుడగలు వచ్చాయి. ముచ్చటేసి ఇంకో పదిసార్లు నొక్కింది. అద్దాలు తుడిచే గుడ్డతో తుడిచి, సంచీలో పెట్టబోతే అడుగున ఒక కాగితం కనబడింది. కడిగేముందు మూత తప్పక బిగించాలని, నీళ్ళలో ఉండగా బిళ్ళ నొక్కకూడదని, లేకపోతే లోపలికి నీళ్ళు పోయి పాడవుతుందని అందులో లావుపాటి అక్షరాల్లో రాసి ఉంది.

రెండోసారి చదవలేదు. కూరగాయల సంచీలో రెగ్యులేటరుని దాచుకుని, సిలిండర్లలో గాలి నింపే తాత దగ్గరికి పరుగెత్తింది. ఆ చుట్టుపక్కల రెగ్యులేటర్లు బాగుచేసేది కూడా ఆయనే. తాత దాన్ని వంచాడు. సబ్బువాసనతో నాలుగు చుక్కలు బల్ల మీద పడ్డాయి. మొత్తం విప్పి, ఆరబెట్టి, లోపలి రబ్బరు రింగులన్నీ మార్చాలన్నాడు. తొమ్మిది వేలవుతుందన్నాడు. మంగళవారానికి గాని ఇవ్వలేనన్నాడు.

"వస్తువే ఎనిమిది వేలైతే బాగుచేయడానికి తొమ్మిదా, తాతగారూ?"

తాత కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఎనిమిదికి ఎక్కడిస్తున్నారమ్మా? నాకో పది పట్రా. దీన్ని మీ ఆయనకి అమ్మింది నేనే. ఇరవై రెండు వేలకి."

వెళ్ళేటప్పుడు దొంగలా వెళ్ళిన మనిషి వచ్చేటప్పుడు పోలీసులా వచ్చింది. కానీ ఇంటి మెట్లెక్కుతుంటే క్యాలెండరు గుర్తొచ్చి సగంలో ఆగింది. ఆయన చెప్పిన అబద్ధం ఎంతదైనా, ఆయన ఆదివారాన్ని సబ్బునీళ్ళలో ముంచింది తనే కదా.

మాస్టారు బడినుంచి రాగానే టీ ఇచ్చి, తను చేసిందేదీ దాచకుండా చెప్పేసింది. సబ్బు, మూత, పదకొండుసార్లు నొక్కడం, అన్నీ. ఆయన టీ తాగలేదు, కోప్పడలేదు. ఆదివారం అని మాత్రం ఒకసారి అనుకుని క్యాలెండరు వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి గుచ్చుకుంది. కాసేపటికి ఆయనే తేరుకుని, పోనీలే, నా కోసమే కదా చేశావు, బాగుచేయిద్దాం అన్నాడు. అంత మంచితనం చూశాక ఊరుకోవాల్సిందే. కానీ ఎంతో సేపు ఊరుకోలేకపోయింది.

"తొమ్మిది వేలట, మాస్టారూ. ఎనిమిది వేల వస్తువుకి తొమ్మిది వేలెవరు పోస్తారు? పాతసామాన్లవాడికిచ్చేసి ఇంకోటి కొనుక్కోండి. వెయ్యి మిగులుతుంది."

మాస్టారు నోరు చేపలా తెరుచుకుని మూసుకుంది. అది మంచి కంపెనీది అన్నాడు. అదే కంపెనీది కొనుక్కోమంది. దానికి అలవాటుపడ్డానన్నాడు. నాకు మూడు రోజుల్లో అలవాటు పడలేదా, దీనికీ పడతారు అంది. ఆయన గోడని చూశాడు, ఫ్యానుని చూశాడు, ఇంక చూడ్డానికేమీ మిగల్లేదు.

"ఇరవై రెండు," అన్నాడు.

"సూటు?"

"ఏడు." టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఏడనే చెబుదామని నోరు తెరిచానే. నువ్వు 'అంతేనా' అన్నప్పుడు నీ మొహం ఉంటుంది చూడు, దాని కోసం తగ్గించేశాను. తర్వాత అలవాటైపోయింది."

దీనికి ఏ శిక్ష వెయ్యాలో ఆమెకి వెంటనే తోచలేదు. తాతకి సగం డబ్బు తన జీతంలోంచి అప్పుడే ఇచ్చి వచ్చానని, పని మొదలుపెట్టేశాడని చెప్పింది. మాస్టారి మొహం అప్పుడు విప్పారింది. కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుని, ఈ ఒక్క ఆదివారానికి తాత దగ్గరే ఒకటి అద్దెకి తీసుకుంటే సరిపోతుందన్నాడు.

"ఎంతట అద్దె?"

"నాలుగు వందలు."

ఆమె ఊరికే చూసింది.

"ఎనిమిది వందలు," అన్నాడు మాస్టారు. "సిలిండరుకి వేరే."