మూడో చిల్లు

తెల్లటి తెర ఒకటి ఏరులా పారుతోంది, ఆ ఏటి ఒడ్డున అబ్బులు భుజం మీద మట్టికుండ పెట్టుకుని నడుస్తున్నాడు, ఎంతసేపటి నుంచి నడుస్తున్నాడో అతనికే తెలియదు. కుండకు మూడు చిల్లులున్నాయి. రెండింటిలోంచి నీళ్ళు కారి వీపంతా తడుస్తోంది, మూడోదాన్ని బొటనవేలితో గట్టిగా అదిమి పట్టాడు, వేలు మొద్దుబారినా తీయడం లేదు. అక్క మాణిక్యం కనబడేదాకా తీయకూడదని అతనికి బాగా గుర్తుంది. ఆమె పోయి నలభై రోజులైందనీ గుర్తుంది. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవన్న సంగతి మాత్రం తోచడం లేదు.

ఇది పాతాళం. మన యమపురి కాదు, గ్రీకులది. ఆ మాట అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ఎదురవుతున్న వాళ్ళందరినీ నెల్లాళ్ళుగా మేకతోలు మీద గీసి, కోసి, చిల్లులు పొడిచి తయారుచేసింది తానే. కాకినాడలో ఒక కాలేజీ పంతులమ్మగారు, గ్రీకుల పాతాళంలో ఎప్పటికీ తీరని శిక్షలు పడ్డవాళ్ళ కథను తోలుబొమ్మలాటగా ఆడి తీరాలని పట్టుబట్టారు. తాతల నాటి నుంచీ మన పురాణాలే ఆడించిన ఇల్లు అతనిది. అబ్బులు తల గోక్కుని, సరేనన్నాడు. ఆట రేపే. బొమ్మలన్నీ అయ్యాయి, ఒక్క కుండ తప్ప.

కొండవాలులో బండరాయి నెడుతున్న రాజు అతన్ని చూసి ఆగుతాడు, ఆగగానే రాయి దడదడా కిందికి దొర్లిపోతుంది, దాన్నాయన పట్టించుకోడు.

"మా అక్క ఇటొచ్చిందాండీ? సన్నగా ఉంటది, ముక్కుకి బేసరి, నోట్లో ఎప్పుడూ తాంబూలం."

"వచ్చింది" అంటాడు రాజు, మోచెయ్యి చూపిస్తూ. "ఇది చూసి నిన్ను తిట్టింది కూడా. ఇక్కడో కీలు పెట్టాలంట, మర్చిపోయావంట. చెయ్యి వంగక చచ్చిపోతున్నానయ్యా."

అబ్బులుకు సిగ్గేస్తుంది. నలభయ్యేళ్ళుగా కీళ్ళు కుట్టింది అక్కే, అతను కత్తి పట్టి కోస్తే ఆమె ఉలి పట్టి నగలూ పూలూ చిల్లులుగా పొడిచేది. తప్పైపోయిందని దణ్ణం పెట్టబోతాడు గానీ, చెయ్యి తీస్తే కుండ కారిపోతుందని గుర్తొచ్చి తలమాత్రం వంచుతాడు. రాజు కిందికి దిగుతూ ఏటి వైపు చూపిస్తాడు.

ఏట్లో గడ్డం దాకా నీళ్ళలో ఒకాయన నిలబడి ఉన్నాడు. తాగబోయి వంగితే నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఆయన్ని దాటితే ఆడవాళ్ళు, వరసగా నలభై తొమ్మిది మంది, పెళ్ళినాడే మొగుళ్ళను చంపిన అక్కచెల్లెళ్ళు, చిల్లుల కుండలతో నీళ్ళు తెచ్చి నిండని తొట్టిలో పోస్తూనే ఉన్నారు. ఆ వరస చివర, ఏటి గట్టు మీద, వంగపండు రంగు చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, పాదాలు నీళ్ళలో ఆడిస్తూ మాణిక్యం కూర్చుని ఉంది.

"ఏంట్రా అబ్బులూ, ఇంకా మోత్తానే ఉన్నావా?"

అతనికి ఏడుపు ఆగదు. "నా వల్లే నిన్ను ఈళ్ళలో కలిపేశారా అక్కా?"

నలభై రోజులుగా అతన్ని తినేస్తున్నది ఆ బెంగే. శ్మశానంలో అక్క చితి చుట్టూ నీళ్ళకుండ మోసింది అతనే, ఆమెకు ఇంకెవరున్నారు గనక. ఒక్కో చుట్టుకూ వెనక నుంచి బాబాయి కత్తిమొనతో ఒక్కో చిల్లు పొడిచాడు. మూడు చిల్లుల్లోంచీ నీళ్ళు కారాలి, ఆ తర్వాత కుండను వెనక్కి వదిలేసి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. మూడో చిల్లు పడీ పడగానే అబ్బులు బొటనవేలు వెళ్ళి దాన్ని మూసేసింది. బొమ్మలాట వాళ్ళకు అది చిన్నప్పటి నుంచీ పడ్డ అలవాటు, ఆట మధ్యలో తోలు చిరిగి రాకూడని చోట వెలుగొస్తే ముందు వేలితో మూసేస్తారు, ఆలోచన తర్వాత. చివరికి ఎవరో చెయ్యి లాగి కుండ పడేయించారు గానీ, ఆ చిల్లులోంచి ఒక్క చుక్క కారలేదు. పోయినావిడ దాహం తీరదని పెద్దవాళ్ళు గొణుక్కున్నారు, అబ్బులు ఆ మాట విన్నాడు.

మాణిక్యం పకపకా నవ్వుతుంది. "మొగుణ్ణి చంపితే గదరా ఇక్కడ పెట్టేది! నాకసలు పెళ్ళెప్పుడైంది? వచ్చిన సంబంధాలన్నీ నాన్న చెడగొట్టె, ఉలి పట్టేవాళ్ళు లేరని."

"మరిక్కడేం చేత్తన్నావే?"

"నీకోసమే కూచున్నా. ఈ అమ్మాయిలు మంచోళ్ళే పాపం, ఒక ఆకూ వక్కా ఉండదు ఈళ్ళ దగ్గర, అదే బాధ. ఇంతకీ ఆ కుండ ఎందుకాపేశావు? తోలుది, తోలుది."

"చిల్లులు కొడితే కారిపోద్ది గదా" అంటాడు అబ్బులు చిన్నపిల్లాడిలా.

"కొట్టకపోతే తెర మీద నల్లముద్దలా పడుద్ది. అందులో నీళ్ళున్నాయని ఎవడికి తెలుద్ది? బొమ్మలో నీళ్ళంటే చిల్లులేరా, ఎనకాలున్న దీపమేరా. నీకు మొదటిరోజు చెప్పిన పాఠం." ఆమె మొహం చిట్లిస్తుంది. "నేను కొట్టిన పరీక్ష చిల్లైనా చూసుకున్నావా? తోలు పదునుకొచ్చిందో లేదోనని ప్రతి తోలుకీ ఒకటి కొడతాను గదా."

"చూళ్ళేదక్కా."

"నీ కళ్ళు ఎప్పుడూ అంతే."

ఏరు కాసేపు తెరలా నిలువుగా లేస్తుంది, ఆడవాళ్ళ నీడలు దాని మీద నడుస్తాయి, మళ్ళీ ఏరుగా పడుకుంటుంది. అబ్బులు ఆమె పక్కన కూలబడతాడు, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది, తనకు తాను కూడా చెప్పుకోనిది, ఆ పాదాల వైపు చూస్తూ చెప్పేస్తాడు.

"అది అలవాటు కాదక్కా. అందరికీ అలాగే చెప్పా. ఆ నీళ్ళయిపోతే నువ్వెళ్ళిపోతావని తెలిసే మూశాను. ఇంట్లో నేనొక్కణ్ణే ఉండలేక."

మాణిక్యం అతని చేతి మీద చెయ్యి వేస్తుంది, ఉలి పట్టి కాయలు కాసిన అరచెయ్యి, అదే గరుకు, అదే వెచ్చదనం.

"నాకు తెలీదేంట్రా. ఈ ఏలు పట్టుకునే గదా నీకు ఉలి నేర్పింది. నాకూ నిన్నొదిలి ఎళ్ళాలని లేదు. కానీ దాహంగా ఉంది నాయనా. తియ్యి."

అతను తల అడ్డంగా ఊపుతాడు. ఆమె దోసిలి పట్టి అలాగే కూర్చుంటుంది, తొందరపెట్టదు. చిన్నప్పుడు అన్నం తిననని మారాం చేస్తే, ముద్ద చేతిలో పట్టుకుని ఇలాగే కూర్చునేది. అబ్బులు వేలు తీస్తాడు.

నీళ్ళు సన్నటి ధారగా దోసిట్లో పడతాయి, ఆమె కళ్ళు మూసుకుని తాగుతుంది, మోచేతుల మీదుగా కారిపోతున్నా తాగుతుంది, తాగేకొద్దీ గీకి ఆరబెట్టిన తోలులా తేటపడి, ఆమెలోంచి అవతలి గట్టు కనబడుతుంది. "చల్లగున్నాయిరా" అంటుంది. ఆ మాట ఎటు నుంచి వచ్చిందో తెలియదు.

మెలకువ వచ్చేసరికి అబ్బులు వసారాలో చాప మీద ఉన్నాడు. మధ్యాహ్నం ఎండ వాలుతోంది, భోజనం చేసి పనికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. తోలుకుండ చేతిలోనే ఉంది, అక్క ఆఖరిసారి గీకి ఆరబెట్టిన తోలులోంచి కోసింది. బొటనవేలు దాని పొట్ట మీద అదిమి ఉంది.

వేలు తీస్తాడు. కింద ఆవగింజంత చిల్లు, అంచు నున్నగా, అక్క చేతిది. ఇన్నిసార్లు తిప్పిచూసినా అతని కంటికి ఆననిది. దానిలోంచి ఎండ ఒక చుక్కగా చాప మీద పడుతోంది.

ఆ చుక్క కింద అరచెయ్యి పట్టి చూసుకుంటాడు అబ్బులు. తర్వాత ఉలి అందుకుని, దాని పక్కనే రెండోది కొడతాడు.